వానలు ముదరకముందే: నెట్ అందని ఇంటికి ఆరోగ్య జాగ్రత్తలు

మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. డెంగీ, విరేచనాలు, పాముకాట్ల భయం కూడా అప్పుడే. వీటి గురించి ప్రభుత్వం చెప్పే జాగ్రత్తలు మంచివే గానీ, చాలావరకు నెట్‌లోనే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి 49 మంది, ఆడవాళ్లు 21 మంది. తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కూర్చునేది అమ్మ, స్మార్ట్‌ఫోనేమో నాన్న జేబులో టౌనుకు పోయుంటుంది.

అందుకే ఇప్పుడే ఆ సమాచారాన్ని ఫోన్లోంచి గోడ మీదికి దించండి. ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించండి. అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104, ఏ ఆపదకైనా 112. వీటికి బటన్ ఫోన్ చాలు. కింద ఊరి ఏఎన్ఎం (నర్సమ్మ), ఆశా వర్కర్ నంబర్లు. నంబరు రాసుకుని ఊరుకోకుండా ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి, పాత నంబర్లు చాలా తిరుగుతుంటాయి.

డెంగీ గురించి మాత్రం కాస్త వివరంగా రాయండి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుని కూలికి పోయేవాళ్లు ఉన్నారు. అసలు ప్రమాదం ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికే. జ్వరానికి పారాసెటమాల్ సరే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా వద్దు.

పొదల్లో, గడ్డిలో పనిచేసేవాళ్లకు జ్వరంతో పాటు ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు, దాని మందు వేరు. ఆ మచ్చ చంకలోనో గజ్జల్లోనో ఉంటే చాలామంది సిగ్గుపడి చెప్పరు. అడిగి తెలుసుకోండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు. కాలు కదలనీయకుండా 108 పిలవండి.

ఇక నెట్ ఉన్నవాళ్లకు. ఊళ్లో మిగతావాళ్లకు చదివి వినిపించేది మీరే కాబట్టి ముందు తేదీ చూడండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి కూడా చిత్తూరు కిందే ఉన్న జాబితా కనిపిస్తే అది పాతది, అందులోని అధికారుల నంబర్లు నమ్మకండి. వాట్సాప్‌లో ఆరోగ్య పథకం పేరుతో యాప్ ఫైలు వస్తే ఇన్‌స్టాల్ చేయొద్దు, ఓటీపీ చెప్పొద్దు. దేన్నైనా ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవాలంటే నెట్ లేనివాళ్ల వివరాలతో ఊరి సచివాలయానికి వెళ్లి అడగండి. 2021 మేలో 18 నుంచి 44 ఏళ్ల వాళ్ల కొవిడ్ టీకాకు మొదట కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవడమే దారి, అదీ అప్పటికి తెలుగులో లేదు. సుప్రీంకోర్టు కూడా దాన్ని ప్రశ్నించింది. నేరుగా వెళ్లినా టీకా వేసే వెసులుబాటు తర్వాత వచ్చింది. ఇప్పుడైనా ఎవరూ అడగకపోతే పని ఆన్‌లైన్‌లోనే ఆగిపోతుంది.

పెద్ద వానకు సిగ్నల్ కూడా పోవచ్చు. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అలాంటప్పుడు ఆకాశవాణి వినడానికి బ్యాటరీ రేడియో, ఛార్జ్ చేసిన బటన్ ఫోన్ పనికొస్తాయి. నెలలు నిండినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఉంటే వాగు పొంగకముందే ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న చుట్టాల ఇంటికి చేర్చండి. రోజూ వేసుకునే మాత్రలు కనీసం రెండు వారాలకు సరిపడా, ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో ఉంచండి. పొట్లం మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద పొట్లానికి లీటరు) కలపాలి, మరుసటి రోజుకు మిగిలితే పారబోయాలి.