పీపీఓ ఫీజులు తగ్గిస్తే: ముందు కుర్చీ గంట లెక్క కట్టండి

రెండేళ్ల కిందట మా డెంటల్ క్లినిక్‌కి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పల్చటి కవరొకటి వచ్చింది. వాళ్లది పీపీఓ ప్లాన్, అంటే ముందే ఒప్పుకున్న తగ్గింపు ఫీజులకు పనిచేసే డాక్టర్ల నెట్‌వర్క్ ఉన్న ప్లాన్. లోపల కొత్త ఫీ షెడ్యూల్. డి2740 కోడ్‌కి, అంటే పంటి మీద తొడిగే సిరామిక్ క్రౌన్‌కి, అప్పటిదాకా 820 డాలర్లు ఇచ్చేవాళ్లు కాస్తా ఇకనుంచి 690 అన్నారు. పదహారు శాతమేగా, ఇంకో నాలుగు క్రౌన్లు ఎక్కువ చేస్తే సరిపోతుందిలే అనుకుని ఫైల్లో పెట్టేశాను. అమెరికాలో ఈమధ్యే సొంత క్లినిక్ కొన్న మన పళ్ల డాక్టర్లు ఆ పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మొట్టమొదట మీరు పేషెంట్లను కూర్చోబెట్టి పనిచేసే కుర్చీకి గంటకు ఎంత ఖర్చవుతోందో తెలియాలి. అద్దె, స్టాఫ్ జీతాలు, లోను కంతు, సాఫ్ట్‌వేర్, గ్లవ్స్ అన్నీ కలపండి. ల్యాబ్ బిల్లులు, మీ సొంత జీతం పక్కన పెట్టండి. నాకు నెలకు 48,000 డాలర్లు వచ్చింది. మూడు కుర్చీలు, 16 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 384 గంటలు. కానీ చెప్పాపెట్టకుండా మానేసే పేషెంట్లను, నిండని స్లాట్లను తీసేస్తే నిజంగా పని జరిగేది 300 గంటలే. కాబట్టి గంటకు 160 డాలర్లు. 384తో భాగించి సంతోషపడకండి.

ఇప్పుడు క్రౌన్ చూడండి. రెండు విజిట్లూ కలిపి నాకు గంటన్నర, అంటే 240 డాలర్లు. ల్యాబ్‌కి 140. మొత్తం ఖర్చు 380. పాత ఫీజులో నాకు 440 మిగిలేది, కొత్త ఫీజులో 310. వాళ్లు కోసింది 16 శాతమే, నా చేతికొచ్చేది మాత్రం 30 శాతం తగ్గింది. మన ఖర్చు ఒక్క పైసా తగ్గదు కనుక కోత అంతా మన మిగులులోంచే పోతుంది. క్లీనింగ్ అయితే మరీ ఘోరం. క్లీనింగ్ కోడ్ డి1110కి 62, చెకప్‌కి 28, గంట పనికి 90 డాలర్లు. ఎక్స్‌రేలు తీసే విజిట్లో ఇంకో 38 కలిసినా 160కి చేరదు. ఆ ప్లాన్ పేషెంట్ల పళ్లు నేను ఎదురు డబ్బు పెట్టి శుభ్రం చేస్తున్నానన్నమాట. ఇది కాగితం మీద చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇలా ప్రతి ప్లాన్‌కీ ఒక వరుస రాయండి: పేషెంట్లెందరు, ఏడాది వసూలెంత, రైటాఫ్ (మీ అసలు ఫీజులో ప్లాన్ కోసం వదులుకునేది) ఎంత, కుర్చీ గంటకు ఎంత. ఇది సరిగ్గా రావాలంటే క్లెయిమ్‌లో మీ అసలు ఫీజే పంపాలి. మా ఫ్రంట్ డెస్క్ అమ్మాయి పని తేలికవుతుందని ప్లాన్ ఫీజే వేసి పంపేది. దాంతో ఎంత రైటాఫ్ పోతోందో రిపోర్టులో కనపడనే లేదు.

తర్వాత బేరం. మీ వసూళ్లలో ఎక్కువ భాగం ఇరవై కోడ్‌లలోపే ఉంటుంది. ఆ ఇరవై మాత్రమే రాసి, కొత్త ఫీజులు కావాలని కంపెనీ ప్రొవైడర్ రిలేషన్స్‌కి ఉత్తరం పెట్టండి. నేను అన్నీ పెంచమని అడిగాను. వాళ్లు ఎనిమిది కోడ్‌లు పెంచారు, అందులో ఐదు కట్టుడు పళ్లవి. నేను ఏడాదికి రెండు సెట్లు చేస్తే గొప్ప! రెండోసారి ఇరవై కోడ్‌ల జాబితాతో వెళ్తే క్లీనింగ్, ఫిల్లింగ్ కాస్త కదిలాయి. పనిలో పనిగా, కంపెనీ చెల్లింపు వర్చువల్ క్రెడిట్ కార్డు (నంబరు మాత్రమే పంపే కార్డు) మీద వస్తోందేమో చూసుకోండి. మా మెషీన్ దాని మీద 3 శాతం కోసుకునేది. నేరుగా బ్యాంకులో వేయమని అడిగే హక్కు మనకుంది.

బేరం కుదరకపోతే ప్లాన్ వదలాలి. అన్నీ ఒకేసారి వద్దు. పేషెంట్లు తక్కువగా ఉండి గంటకు బాగా తక్కువ ఇచ్చేదానితో మొదలుపెట్టండి. కాంట్రాక్టులో ఎన్ని రోజుల నోటీసు కావాలో చూడండి. ఆ తర్వాత, దయచేసి, అద్దె నెట్‌వర్కుల సంగతి చూడండి. ఒక నెట్‌వర్కుతో మనం చేసుకున్న ఒప్పందాన్ని వేరే కంపెనీలు వాడుకుంటాయి. నేను దర్జాగా ఉత్తరం పంపి బయటికొచ్చాననుకున్నా, నాలుగు నెలలపాటు ఈఓబీల్లో, అంటే క్లెయిమ్‌కి ఎంత ఇచ్చారో కంపెనీ చెప్పే కాగితాల్లో, డిస్కౌంట్ పడుతూనే ఉంది. ఎప్పుడో సంతకం పెట్టి మరిచిపోయిన ఇంకో నెట్‌వర్క్ ద్వారా నేనింకా లోపలే ఉన్నాను.

పేషెంట్లకు కంపెనీ ఉత్తరం చేరేలోపే మీరు చెప్పాలి. ఫోన్లో "మీ ఇన్సూరెన్స్ మేం తీసుకోం" అన్నారంటే వాళ్లు అక్కడే ఫోన్ పెట్టేస్తారు. "మీ ప్లాన్‌తో మా కాంట్రాక్టు ఫలానా తేదీతో అయిపోతోంది. మీ క్లెయిమ్ ఇకముందూ మేమే పంపుతాం, మీరు అదనంగా కట్టాల్సింది సుమారుగా ఇంత" అని అంకెతో చెప్పించండి. నెట్‌వర్క్ బయటి డాక్టరుకి ఆ ప్లాన్ ఎంత ఇస్తుందో, చెక్కు మనకొస్తుందో పేషెంటుకి పోతుందో ముందే కనుక్కోండి. ఇది రాష్ట్రాన్నిబట్టి, ప్లాన్‌నిబట్టి మారుతుంది. ఏడాదికి 1,000, 1,500 డాలర్ల పరిమితి దశాబ్దాలుగా పెద్దగా కదలని ప్లాన్లు చాలానే ఉన్నాయి. కొద్ది క్రౌన్లకే అది అయిపోతుందని లెక్క చూపిస్తే కొందరు పేషెంట్లు వాళ్లంతట వాళ్లే ఉండిపోయారు.

కొన్ని పనులు మాత్రం చేయకండి. పేషెంటు పోతాడేమోనని కోపే, అంటే తన వంతుగా అతను కట్టాల్సిన డబ్బు, వదిలేయడం మామూలు చేసుకుంటే అది ఫ్రాడ్ కిందికి వస్తుంది. చేయని బిల్డప్‌కి (క్రౌన్ నిలబడేలా పంటిని నింపే పనికి) కోడ్ వేయడం గురించి చెప్పనే అక్కర్లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "అందరం ఒకే రోజు ఆ కంపెనీ నుంచి బయటికొచ్చేద్దాం" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ వేర్వేరు క్లినిక్‌ల వాళ్లు కూడబలుక్కుని ఫీజుల విషయంలో అలా చేస్తే పోటీదారులు కుమ్మక్కవడాన్ని నిషేధించే 1890 నాటి షెర్మన్ చట్టం మెడకు చుట్టుకుంటుంది. నేను గ్రూపులోంచే బయటికొచ్చేశాను.

మొదటి ప్లాన్ వదిలాక కనీసం ఆరు నెలలు ఆగండి. నేను వదిలిన దాంట్లో 140 మంది ఉండేవాళ్లు, 52 మంది వెళ్లిపోయారు. మొదటి మూడు నెలలు క్లీనింగ్ చేసే హైజీనిస్ట్ షెడ్యూల్లో ఖాళీలు చూసి నాకు ఒకటే టెన్షన్. అయిదో నెలకు ఆ గంటలు మెల్లగా వేరే పేషెంట్లతో నిండాయి. ఇప్పుడు రెండో ప్లాన్ కాంట్రాక్టు టేబుల్ మీద ఉంది. ఈసారి నెట్‌వర్కుల జాబితా ముందే తెప్పించుకున్నాను.