కుక్కపిల్లకి ఇంట్లో ఒంటికి, రెంటికి పోకుండా అలవాటు చేయడం ఎలా?

బెజవాడలో అపార్ట్‌మెంట్‌లో కుక్కపిల్లని పెంచేవాళ్లకి మొదటి నెలంతా ఇదే గోల. పటమటలోనో మొగల్రాజపురంలోనో మూడో ఫ్లోర్‌లో ఉంటే మరీనూ, లిఫ్ట్ వచ్చేలోపు కారిడార్‌లోనే కానిచ్చేస్తుంది, పక్క ఫ్లాట్ ఆంటీ మొహం మాడ్చుకుంటుంది. దానికి తెలివి లేక కాదండీ, రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, అంతే. కాబట్టి ట్రైనింగ్ ముందు మనకి, తర్వాతే దానికి.

ముందు ప్లేస్ ఫిక్స్ చేయండి

వ్యాక్సిన్ల కోర్సు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు వచ్చేదాకా, వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపొద్దు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందాకా బాల్కనీలో ఓ మూల అంచులు తక్కువున్న ట్రే పెట్టి మట్టి పోసి కాస్త గడ్డి వేస్తే చాలు. చాలామంది న్యూస్‌పేపర్ పరుస్తారు, నాకైతే నచ్చదు, పేపర్ అంటే బాత్రూమే అని దానికి ఫిక్స్ అయిపోతే రేపు తాతగారు చదివి కింద పెట్టిన పేపర్ మీదే కూర్చుంటుంది. బయటికి తీసుకెళ్లే టైం వచ్చాక ఆ ట్రేలో మట్టి గుప్పెడు తీసుకెళ్లి అక్కడ వేయండి, వాసన పట్టి అదే అర్థం చేసుకుంటుంది.

టైం పట్టుకోండి

నిద్ర లేవగానే, ఆడుకున్నాక, పడుకోబోయే ముందు, తిన్న 5 నుంచి 30 నిమిషాల్లోపు, ఈ నాలుగు టైములు మిస్ అవ్వకపోతే సగం పని అయిపోయినట్టే. కడుపులో తిండి పడగానే పేగు కదులుతుంది, అందుకే రోజూ ఒకే టైముకి పెడితే అది వెళ్లే టైం కూడా ఒక లైన్‌లోకి వస్తుంది, గిన్నె నిండా పోసి రోజంతా వదిలేస్తే రాదు. అన్నట్టు పాలన్నం పెట్టే అలవాటుంటే మానేయండి, ఆవుపాలు, గేదెపాలు చాలా కుక్కలకి అరగవు, విరేచనాలు పట్టుకుంటే ఇక ట్రైనింగ్ ఏం చేస్తారు.

మిగతా టైంలో దాని మీద ఓ కన్నేసి ఉంచాలి. ఆడుతున్నది ఉన్నట్టుండి ఆపేసి, ముక్కు నేలకి ఆనించి వాసన చూస్తూ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది, లేదంటే మెల్లగా సోఫా వెనక్కి జారుకుంటుంది, అప్పుడు మీకు అర నిమిషం కూడా ఉండదు, ఎత్తుకుని పరిగెత్తడమే. అక్కడ దింపి "సుస్సు" అనండి, ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. పని పూర్తవగానే, లోపలికి వచ్చాక కాదు, అక్కడికక్కడే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టి మెచ్చుకోవాలి, కాస్త లేటైతే దేనికి పెట్టారో దానికి తెలీదు.

రాత్రి మధ్యలో ఒకసారి అలారం పెట్టుకోక తప్పదు. ఇంట్లో తడి చేస్తోందని నీళ్లు మాత్రం ఆపొద్దు, ముఖ్యంగా మే నెలలో మన ఎండలకి. మధ్యాహ్నం డాబా మీదకి తీసుకెళ్లకండి, మీ అరచేతి వెనక వైపు 5 సెకన్లు నేలకి ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

ఇంట్లో పోసేస్తే

మూతి దాంట్లో రుద్దడం, పేపర్ చుట్టి కొట్టడం మన వైపు ఇంకా చేస్తున్నారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అది ఇంట్లో పోయడం మానదు, మీ ముందు పోయడం మానేస్తుంది, మంచం కిందా బీరువా సందులోనూ దాక్కుని పోస్తుంది. చూస్తుండగా పోస్తుంటే చప్పట్లు కొట్టి ఆపి బాల్కనీకి ఎత్తుకెళ్లండి, అయిపోయాక చూస్తే గమ్మున తుడిచేయండి. ఫినాయిల్ వద్దు, కుక్కలకి మంచిది కాదు, బ్లీచింగ్ కూడా మూత్రంతో కలిస్తే ఘాటైన వాయువు వస్తుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ అయితే వాసన మొత్తం పోతుంది, వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

చాలా పిల్లలకి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, మధ్యలో ఓ వారం అంతా మర్చిపోయినట్టు చేసినా కంగారు పడొద్దు. అన్నీ నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, రక్తం కనిపించినా అది అలవాటు సమస్య కాదు, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, ఆ రోజే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.