గదిలో మాట మోగుతుంటే ముందు ఒక అద్దం తీసుకోండి
ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ళు చాలామంది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు, దయచేసి ఆ పని చేయకండి, అంత పల్చటి అట్ట శబ్దాన్ని పెద్దగా పీల్చుకోదు, పైగా నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటుంది. దాని బదులు 50 మి.మీ. మందం రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) పలకలు కొని, వడ్రంగితో చెక్క ఫ్రేములు చేయించి, వాటిలో ఆ పలకలు పెట్టి పైన కాటన్ గుడ్డ బిగించండి, ఇదే ప్యానెల్. గుడ్డకి నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. రెక్సిన్ వేస్తే దండగ. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి, లేకపోతే ఒళ్ళంతా దురదే.

ఎక్కడ పెట్టాలంటే, మీరు రోజూ వినే చోట కూర్చుని, ఇంట్లో ఎవరినైనా పక్కగోడ వెంట అద్దం జరుపుకుంటూ వెళ్ళమనండి, అందులో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే ప్యానెల్ అక్కడ పెట్టాలి. గోడకి ఆనించకుండా వెనక రెండు అంగుళాలు ఖాళీ వదిలితే అదే ప్యానెల్ ఇంకాస్త బేస్‌ని, అంటే లోతైన గుమ్మనే శబ్దాన్ని, కూడా పట్టుకుంటుంది. అయినా బేస్ గుమ్మంటుంటే గది మూలల్లో మందంగా వేయండి.

వెనక గోడకి నేనైతే ప్యానెళ్ళు వేయను, అన్నీ పీల్చేస్తే గది మరీ మూగబోతుంది. చెక్క ముక్కల్ని వేర్వేరు ఎత్తుల్లో కోసి ప్లైవుడ్ మీద అంటిస్తే శబ్దం నాలుగు వైపులా చెదురుతుంది, అంత ఓపిక లేకపోతే పుస్తకాల అల్మరా చాలు. పక్కింటి టీవీ గోల మాత్రం వీటితో ఆగదు, అది వేరే పని.