గుర్రాన్ని చుట్టూ తిప్పడం – 4వ పాఠం: తాడు విప్పే ముందు

గడిచిన మూడు పాఠాల్లో గుర్రం పక్కన నడవడం, ఆపడం, రెండడుగులు వెనక్కి వేయించడం నేర్చుకున్నాం. అవి చెయ్యకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి మొదటి పాఠానికి వెళ్లండి. భుజం పక్కన ఉన్నప్పుడు "ఆగు" అంటే ఆగని గుర్రం ఎనిమిది మీటర్ల దూరం నుంచి అసలే ఆగదు.

ఈ పాఠంలో గుర్రాన్ని మన చుట్టూ వృత్తంలో తిప్పుతాం. దీన్నే లాంజింగ్ అంటారు. ముందు పొడవాటి తాడుతో, తరవాత తాడు లేకుండా. చాలామంది వీటిని రెండు వేరు విద్యలనుకుంటారు. ఇన్నేళ్లలో నాకు తెలిసింది ఒకటే: గుర్రాన్ని తిప్పేది మనం నిలబడే చోటు. ఆ చోటు ఎక్కడ తప్పామో తాడు మన చేతికి చెబుతుంది, అంతే.

కావలసినవి కొన్నే. 8 మీటర్ల బట్టతాడు, చేతి తొడుగులు, పొడవాటి కొరడా, ముక్కు మీద రింగు ఉండే తలపట్టీ (కావెసన్). కావెసన్ లేకపోతే సరిగ్గా అమరిన హాల్టర్ (కళ్లెం లేని మామూలు తలపట్టీ) చాలు. తాడును నోట్లోని కళ్లేనికి మాత్రం తగిలించకండి. కొత్త చెయ్యి లాగే ప్రతి లాగుడూ ఆ నోటికే తగులుతుంది.

ఇప్పుడు తాడు పట్టుకోవడం. ఇక్కడ తొందరపడొద్దు. గుర్రం లేకుండా, ఒక గుంజకు కట్టి సాధన చెయ్యండి. తాడును అరచేతిలో మడతలుగా, అటొకటి ఇటొకటి పేర్చుకుంటూ రండి. గుర్రం వైపు వెళ్లే మడత అన్నిటికంటే పైన ఉండాలి. ఇప్పుడు గుంజ వైపు ఉన్న తాడును ఎవరినైనా లాగమనండి. మడతలు ఒక్కొక్కటే, ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారాలి. ఏ మడతా చేతి చుట్టూ తిరిగి ఉండకూడదు. తాడు చివర కుట్టిన ఉచ్చులో చెయ్యి దూర్చకూడదు.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నేర్చుకునే రోజుల్లో ఒక పొద్దున ఒక మడత నా వేళ్ల చుట్టూ తిరిగి ఉంది. నేను చూసుకోలేదు. కంచె మీంచి పక్షి లేచింది, గుర్రం ఉలిక్కిపడి బయటికి దూకింది. మడత బిగిసింది. నాలుగడుగులు ఈడ్చుకుపోయాక ఉంగరం వేలు విరిగింది. గుర్రం చేసింది గుర్రం చేసే పనే. ఆ మడత నాది.

ఇక నిలబడే చోటు. గుర్రం ఎడమవైపు తిరుగుతుంటే తాడు ఎడమ చేతిలో, కొరడా కుడి చేతిలో ఉంటాయి. తాడు దాని తల వైపు, కొరడా వెనక కాళ్ల వైపు. ఇదొక త్రిభుజం: గుర్రం ఒక భుజం, తాడు ఒక భుజం, కొరడా మూడో భుజం; మీరు నిలబడిన చోటు దాని కొస. మీ బొడ్డు జీను పట్టీ పడే చోటుకు కాస్త వెనకగా చూస్తుండాలి. అక్కడి నుంచి అరడుగు తుంటి వైపు జరగండి, గుర్రం ముందుకు కదులుతుంది. అరడుగు భుజం వైపు జరగండి, నెమ్మదిస్తుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు తాడు లాగకుండానే గుర్రం మారిందని మీకు నమ్మకం కలగదు. మళ్లీ చెయ్యండి.

తాడు కాస్త వేలాడాలి, నేలను తాకకూడదు. తాకితే గిట్ట కింద పడుతుంది. గుర్రం లోపలికి దూసుకొస్తుంటే వెనక్కి నడిచి తాడు బిగించాలనిపిస్తుంది. అలా చేస్తే ఇంకా లోపలికి వస్తుంది, ఎందుకంటే మీరు చోటిచ్చారు. నిలబడిన చోటే ఉండి కొరడా కొసను దాని భుజం వైపు చూపించండి. కొరడా ఉన్నది చూపించడానికే. గుర్రం దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని చంకలో వెనక్కి తిప్పి పెట్టుకోండి.

గొంతు సంగతి తేలికే. "పద" అన్నప్పుడు స్వరం పైకి లేవాలి, "ఆ...గు" అన్నప్పుడు కిందికి దిగాలి. మాట ఏదైనా సరే, ప్రతిసారీ అదే మాట, అదే స్వరం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. మెత్తగా ఉండడంలో తప్పేమీ లేదు. నిన్న ఒకలా, ఇవాళ ఒకలా చెబితే గుర్రానికి ఏం చెయ్యాలో తెలియదు.

వృత్తం వ్యాసం 15 మీటర్ల కంటే తక్కువ కాకూడదు. చిన్న వృత్తంలో లోపలి కాళ్ల మీద, కీళ్ల మీద భారం పెరుగుతుంది. ఇంకా ఎదిగే గుర్రాలకు ఇది మరీ చేటు. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు చాలు, రెండు వైపులా సమానంగా, మొదటి 5 నిమిషాలు నడకే. పొగరు దిగాలని అలిసేదాకా తిప్పేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అలా తిప్పిన గుర్రం నేర్చుకునేది పరుగు ఒక్కటే, రోజులు గడిచేకొద్దీ దాని దమ్ము కూడా పెరుగుతుంది.

మీరు నిలకడగా ఉంటే వృత్తమూ నిలకడగా ఉంటుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్త రౌతులు పగ్గాలు, రికాబులు లేకుండా, వేరొకరి తాడు మీద తిరిగే గుర్రం మీదే కూర్చోవడం నేర్చుకుంటారు. తాడు పట్టినవాళ్ల చేతిలో ఆ రౌతు నడుము కూడా ఉంటుంది.

తాడు విప్పడానికి మూలలు లేని గుండ్రటి ఆవరణ కావాలి, సుమారు 18 మీటర్ల వ్యాసం, మూసిన గేటు. మూల ఉంటే గుర్రం అందులో తల పెట్టి తోక మీకు చూపిస్తుంది, అప్పుడు తన్నేందుకు సిద్ధంగా ఉన్న రెండు కాళ్లు మీవైపు ఉంటాయి. త్రిభుజం, బొడ్డు, గొంతు, అన్నీ పాతవే. గుర్రం భుజానికి ముందుకు అడుగేస్తే దారి మూసినట్టు, గుర్రం ఆగుతుంది లేదా తిరుగుతుంది.

లోపలి చెవిని చూడండి. మొదటి రెండు చుట్లు అది కంచె అవతలి చప్పుళ్ల వైపు తిరుగుతూ ఉంటుంది. తరవాత ఒకసారి మీవైపు తిరిగి అక్కడే నిలుస్తుంది. మెడ కిందికి దిగుతుంది, వృత్తం తనంతట తానే కాస్త చిన్నదవుతుంది. నోరు నములుతూ పెదాలు నాకుతుంది కూడా. లొంగిపోయిందని కొందరు చెప్పేస్తారు, నేనలా అనను. బిగువు సడలింది, అంతవరకే. ఆ క్షణంలో మీరు చెయ్యాల్సిన పని కొరడా దించి, భుజాలు వదులు చేసి, ఊపిరి వదలడం. గుర్రం ఆగితే ఆగనివ్వండి.

ఈ వారం సాధన తాడుతోనే. నడకలో ఐదు చుట్లు తిప్పి, తాడు ఎన్నిసార్లు బిగిసిందో లెక్కపెట్టి రాసుకోండి, రెండు వైపులకూ విడివిడిగా. ఒక వైపు ఎక్కువ రావడం మామూలే, గుర్రాలకూ మనకూ చేతివాటం ఉంటుంది. ఐదు చుట్లలో ఒక్కసారి కూడా బిగియని రోజు వచ్చాక, గుర్రాన్ని ఆపి, దగ్గరికి వెళ్లి, మెడ నిమిరి కొక్కెం విప్పండి. అదే నడక, రెండే చుట్లు. ఆపి మళ్లీ తగిలించండి. ట్రాట్ (నడక కంటే వేగమైన మెల్లని పరుగు) వచ్చే పాఠంలో.