సీరియల్ పోర్టు ‘పర్మిషన్ డినైడ్’ అంటోందా? ఇలా సరిచేయండి

రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుకు ఓ జీపీఎస్ మాడ్యూలో, ఆర్డుయినోనో తగిలించి ప్రోగ్రామ్ నడపగానే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే, చాలామంది చేసే మొదటి పని కమాండ్ ముందు సుడో (రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్ హక్కులతో నడపమనే మాట) పెట్టడం. సీరియల్ పోర్టు, అంటే ఆ పరికరంతో బోర్డు మాట్లాడే దారి, తెరుచుకుంటుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. అసలు చికాకు తర్వాత మొదలవుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో మీరు వేసుకున్న మాడ్యూళ్లు సుడోతో నడిపినప్పుడు కనబడవు. ప్రోగ్రామ్ రాసే లాగ్ ఫైళ్లు రూట్ పేరు మీద తయారై, రేపు మీరే వాటిని తెరవలేరు. పోర్టు ఎవరి చేతిలో ఉందో ఒక్కసారి చూస్తే చాలు, సుడో అవసరం లేకుండానే ఇది తీరిపోతుంది.

ఈ వ్యాసంలో కమాండ్లను చదివే తీరులో తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పోర్టు పేర్లలో టీటీవై చిన్న అక్షరాలు, దాని వెనకాల వచ్చే యూఎస్‌బీ, ఏసీఎం, ఏఎంఏ, ఎస్ పెద్ద అక్షరాలు. లినక్స్‌కు ఈ తేడా ముఖ్యం.

ముందు ఎర్రర్ నంబరు చూడండి

పైథాన్ అయితే ఎర్రర్ వరుసలోనే ఒక నంబరు చూపిస్తుంది. 13 అయితే అది నిజంగా అనుమతి సమస్య. 2 అయితే ఆ పేరుతో పోర్టే లేదు: కేబుల్ ఊడిందేమో, లేదా మీ పరికరం ఇంకో పేరుతో వచ్చిందేమో చూడాలి. 16 అయితే పోర్టు ఉంది, అనుమతీ ఉంది, కానీ వేరే ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుంది. 2, 16 రెండింటికీ గ్రూపులు (యూజర్లకు ఉమ్మడిగా అనుమతులిచ్చే జట్లు) మార్చినా లాభం లేదు.

పేర్ల సంగతి కూడా ఇక్కడే. ఎఫ్‌టీడీఐ, సీపీ2102, సీహెచ్340 చిప్పులున్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్లు /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అని వస్తాయి. ఒరిజినల్ ఆర్డుయినో ఊనో లాంటివి /డెవ్/టీటీవైఏసీఎం0 అని వస్తాయి. బోర్డు మీది పిన్నుల నుంచి నేరుగా తీసుకునే పోర్టు టీటీవైఏఎంఏ0 గానీ టీటీవైఎస్0 గానీ అవుతుంది. రాస్‌బెర్రీ పై 4 వరకు మోడళ్లలో వీటికి /డెవ్/సీరియల్0 అనే మారుపేరు ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఆ మారుపేరే వాడితే ఆ మోడళ్ల మధ్య మారినప్పుడు తలనొప్పి తగ్గుతుంది. ఏ పేరుతో వచ్చిందో తేలకపోతే, కేబుల్ తీసి మళ్లీ పెట్టి, సుడో డీమెసేజ్ (డీ, ఎం, ఈ, ఎస్, జీ అక్షరాలు) కొడితే చివరి వరుసల్లో కనిపిస్తుంది.

పోర్టు ఎవరిదో కనుక్కోండి

ఎల్ఎస్ -ఎల్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అని కొట్టండి. వచ్చే వరుసలో మూడు సంగతులు చూడాలి: మొదట్లో ఉండే అనుమతుల అక్షరాలు, తర్వాత యజమాని పేరు, ఆ పక్కనే గ్రూపు పేరు. యజమాని దాదాపు ఎప్పుడూ రూటే. మనకు కావలసింది గ్రూపు పేరు. అది డయలౌట్ అయితే ఒక దారి, టీటీవై అయితే పూర్తిగా వేరే దారి. ఈ ఒక్కటి చూడకుండా దొరికిన ప్రతి చిట్కానూ ప్రయత్నించడం వల్లే చాలామందికి ఇది గంటల పని అవుతోంది.

గ్రూపు డయలౌట్ అయితే

డెబియన్, ఉబుంటు, రాస్‌బెర్రీ పై ఓఎస్‌లలో సీరియల్ పోర్టులన్నీ మామూలుగా ఈ గ్రూపు కిందే ఉంటాయి. ఆర్చ్‌లో మాత్రం యూయూసీపీ అని ఉంటుంది. ఏ పేరు కనిపిస్తే ఆ గ్రూపులో మీరు చేరాలి. డెబియన్ కుటుంబంలో తేలికైన కమాండ్ ఇది:

సుడో అడ్‌యూజర్ మీ-యూజర్-పేరు డయలౌట్

ఎక్కువగా కనిపించే ఇంకో రూపం: సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయలౌట్ మీ-యూజర్-పేరు. ఇందులో ఏ చిన్న అక్షరం, జీ పెద్ద అక్షరం. ఆ చిన్న ఏను మరిచిపోతే చాలా నష్టం. ఏ ఉంటే ‘ఉన్న గ్రూపులకు ఇదొకటి కలుపు’ అని అర్థం. లేకపోతే ‘ఇకపై అదనపు గ్రూపు ఇదొక్కటే’ అని అర్థం. అప్పుడు జీపీఐఓ, వీడియో, చివరికి సుడో గ్రూపు నుంచి కూడా మీ పేరు ఎగిరిపోతుంది. చాలా సిస్టముల్లో ఇక సుడోనే పనిచేయదు కాబట్టి, పొరపాటును సరిచేసే దారి కూడా మూసుకుపోతుంది. అలా జరిగితే ఎస్‌డీ కార్డును ఇంకో లినక్స్ కంప్యూటర్‌లో పెట్టి, కార్డు మీది /ఈటీసీ/గ్రూప్ ఫైలులో సుడో వరుస చివర మీ పేరు రాయాలి. అందుకే నేను అడ్‌యూజర్ రూపాన్నే వాడమంటాను, అక్కడ పొరబడే చోటు లేదు.

యూజర్ పేరు విషయంలోనూ జాగ్రత్త. పాత గైడ్లలో ‘పై’ అనే పేరు ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో ఆ యూజర్ ముందుగా తయారై రావడం లేదు, మీరు పెట్టుకున్న పేరే రాయాలి. మీ పేరు బదులు డాలర్ గుర్తుతో యూజర్ అని రాసే అలవాటుంటే, ముందే రూట్ షెల్‌లోకి వెళ్లి ఆ కమాండ్ కొట్టొద్దు. అలా కొడితే గ్రూపులో చేరేది మీరు కాదు, రూట్.

చేరాను, అయినా అదే ఎర్రర్

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. లాగిన్ అయిన క్షణంలో మీకు ఏయే గ్రూపులున్నాయో, ఆ సెషన్ అంతా అవే నడుస్తాయి. కొత్తగా చేరిన గ్రూపు పాత సెషన్‌కు తెలియదు. పరీక్షించడం తేలిక. ఉత్త ఐడీ అని కొడితే ప్రస్తుత సెషన్‌కు తెలిసిన గ్రూపులు వస్తాయి. ఐడీ పక్కన మీ పేరు రాసి కొడితే సిస్టమ్ రికార్డుల్లో ఉన్నవి వస్తాయి. రెండోదాంట్లో డయలౌట్ ఉండి మొదటిదాంట్లో లేకపోతే, మీరు లాగౌట్ అయి మళ్లీ రావాలి, అంతే.

టెర్మినల్ కిటికీ మూసి తెరిస్తే లాగౌట్ అయినట్టు కాదు. టీమక్స్, స్క్రీన్ లాంటివి (కిటికీ మూసినా టెర్మినల్‌ను వెనకాల బతికించి ఉంచే ప్రోగ్రాములు) నడుస్తుంటే అవి పాత గ్రూపులతోనే ఉంటాయి. దూరం నుంచి ఎడిటర్‌తో బోర్డుకు కనెక్ట్ అయ్యేవారికి ఎడిటర్ సర్వర్ బోర్డు మీద నడుస్తూనే ఉండొచ్చు. ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే బోర్డును ఒకసారి రీబూట్ చేయండి. చిన్న బోర్డు కాబట్టి అందులో సిగ్గుపడాల్సింది లేదు.

గ్రూపు టీటీవై అయితే

పిన్నుల పోర్టు వాడేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. అనుమతుల్లో గ్రూపుకు రాసే హక్కు మాత్రమే ఉండి, చదివే హక్కు ఉండదు. కాబట్టి టీటీవై గ్రూపులో చేరినా ఎర్రర్ పోదు. కారణం, ఆ పోర్టు మీద గెట్టీ అనే ప్రోగ్రామ్ లాగిన్ స్క్రీన్ నడుపుతోంది. పోర్టును తన పేరు మీదకు మార్చుకుంది అదే. దాన్ని తప్పించడమే మందు.

రాస్‌బెర్రీ పైలో సుడో రాస్పీ-కాన్ఫిగ్ తెరిచి, ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌లో సీరియల్ పోర్ట్‌లోకి వెళ్లండి. లాగిన్ షెల్ కావాలా అన్న మొదటి ప్రశ్నకు ‘నో’, హార్డ్‌వేర్ ఆన్‌లో ఉండాలా అన్న రెండోదానికి ‘యెస్’. రెండింటికీ ‘నో’ అంటే పోర్టే మాయమవుతుంది. తర్వాత రీబూట్.

వేరే బోర్డుల్లో సీరియల్-గెట్టీ@టీటీవైఎస్0.సర్వీస్ లాంటి పేరుతో ఒక సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) ఉంటుంది, టీటీవైఎస్0 దగ్గర మీ పోర్టు పేరు వస్తుంది. దాన్ని ఆపడానికి సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ అంటే సరిపోకపోవచ్చు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మొదలయ్యేటప్పుడు చదివే బూట్ వరుసలో కన్సోల్= అని ఆ పోర్టు పేరు ఉంటే, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ప్రతి బూట్‌లోనూ ఆ సర్వీసును మళ్లీ లేపుతుంది. డిసేబుల్ బదులు మాస్క్ అని వాడితే లేవదు. కెర్నల్ మెసేజీలు కూడా ఆ పోర్టులోకి రాకూడదంటే బూట్ వరుసలోని ఆ భాగాన్ని కూడా తీసేయాలి. ఒక్కమాట: స్క్రీన్, నెట్‌వర్క్ లేకుండా ఆ సీరియల్ లాగిన్ ద్వారానే బోర్డులోకి వెళ్తున్నవారు, ఇంకో దారి ఏర్పాటు చేసుకున్నాకే దీన్ని తీయండి.

సీహెచ్‌మాడ్ 666 ఎందుకు వద్దు

పోర్టును చదివే, రాసే హక్కును అందరికీ ఇచ్చేసే ఈ కమాండ్ పనిచేస్తుంది, కానీ కేబుల్ తీసి పెట్టేదాకానే. పరికరం పెట్టిన ప్రతిసారీ ఆ ఫైలు కొత్తగా తయారవుతుంది, అనుమతులు మళ్లీ మొదటికొస్తాయి. గ్రూపు కూడా రూట్ అనే కనిపిస్తే (సొంతంగా తయారుచేసిన ఇమేజ్‌లలో ఇలా ఉండొచ్చు) /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ ఫోల్డర్‌లో ఆ పరికరానికి గ్రూపు డయలౌట్, మోడ్ 0660 అని ఒక రూల్ రాసుకోవాలి. అది శాశ్వతంగా ఉంటుంది.

ఎర్రర్ 16 వస్తే

సుడో ఫ్యూజర్ -వీ పక్కన పోర్టు పేరు కొడితే పట్టుకున్నదెవరో చెబుతుంది. చాలాసార్లు అది మీరే తెరిచి మరిచిపోయిన సీరియల్ మానిటర్. కొన్నిసార్లు మోడెమ్‌మేనేజర్. అది కొత్తగా వచ్చిన పోర్టును మోడెమ్ అనుకుని కాసేపు పలకరిస్తుంది. ఉబుంటు 22.04లో సీహెచ్340 పెట్టగానే పోర్టు కనిపించి మాయమైతే, అంధులకు బ్రెయిలీ డిస్‌ప్లే నడిపే బీఆర్ఎల్‌టీటీవై దాన్ని తనదనుకుంటోందని అర్థం. మీకు అది అవసరం లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

బూట్ కాగానే నడిచే ప్రోగ్రాములు

చేత్తో నడిపితే సరిగ్గా ఉండి, సర్వీస్‌గా పెడితే అనుమతి లేదంటే, ఆ సర్వీస్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో చూడండి. డయలౌట్‌లో చేరాల్సింది ఆ యూజర్. లేదా ఆ సర్వీస్ వివరాలుండే యూనిట్ ఫైలులో సప్లిమెంటరీగ్రూప్స్=డయలౌట్ అని రాయండి. డాకర్ (ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే వేరు అరలో నడిపే సాధనం) అయితే రెండు పనులు: పోర్టును డివైస్ ఆప్షన్‌తో లోపలికి ఇవ్వాలి, గ్రూప్-యాడ్ ఆప్షన్‌తో గ్రూపునూ ఇవ్వాలి. కంటైనర్‌లో డయలౌట్ అనే పేరుకు నంబరు వేరుగా ఉండొచ్చు కాబట్టి, పేరు బదులు బోర్డు మీది నంబరే ఇవ్వడం నయం. డెబియన్‌లో అది 20.