టీచర్ నమ్మకాలు, స్వీయ అధ్యయన పాఠాలు – 3: ప్రశ్న అడిగాక ఆగడం

పిల్లల గురించి, చదువు గురించి మీరు మనసారా నమ్మే మాటల్ని ఐదు వాక్యాల్లో రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇంకా రాయకపోతే ఇప్పుడు ఒక్క వాక్యమైనా రాయండి, ఈ పాఠానికి అది చాలు.

చాలామంది టీచర్లు మొదట రాసే వాక్యం "ప్రతి బిడ్డా నేర్చుకోగలదు" అన్నదే. నా కాగితం మీదా మొదటిది అదే, నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. కానీ అది ఇంకా గోడ మీద రాసే సూక్తిగానే ఉంది. దాన్ని నమ్మే టీచరూ, నమ్మని టీచరూ ఒకేలా పాఠం చెబుతుంటే ఆ నమ్మకం వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. నమ్మకాన్ని రేపు క్లాసులో పిల్లల కంటికి కనిపించే పనిగా మార్చడం ఎలాగో ఈసారి నేర్చుకుందాం.

ముందు మీ వాక్యం పక్కన ఈ ప్రశ్న రాయండి: "నేను ఇది నమ్ముతున్నానని, నోటితో చెప్పకుండా, నా క్లాసులో బాగా వెనకబడ్డ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?" నవ్వుతూ పలకరిస్తాను, ప్రేమగా ఉంటాను అని జవాబు వస్తుంది. అవన్నీ కావాల్సినవే. అయితే పిల్లలు మనల్ని అంతకంటే దగ్గరగా గమనిస్తారు. టీచర్ ఎవరిని ప్రశ్న అడుగుతారు, ఎవరిని అడిగి వెంటనే వదిలేస్తారు, ఎవరి తప్పును ఓపిగ్గా వింటారు అన్నది వాళ్లకు బాగా తెలుసు. తన గురించి టీచర్ ఏమనుకుంటున్నారో బిడ్డకు అర్థమయ్యేది అక్కడే.

కాబట్టి మొదటి పని ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు సైన్స్ క్లాసుల రికార్డింగులు విని, టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. ఆ ఫలితాలు 1970లలో వెలువడ్డాయి. టీచర్లు సగటున ఆగేది దాదాపు 1 సెకను. ఆ లోపు జవాబు రాకపోతే ప్రశ్న మళ్లీ అడుగుతారు, లేదా ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. టీచర్లకు శిక్షణ ఇచ్చి ఆ సమయాన్ని 3 సెకన్లకు, ఆ పైకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి. "తెలీదు" అనడమూ, అసలు మాట్లాడకపోవడమూ తగ్గాయి. పిల్లలు తామే ప్రశ్నలు అడగడం పెరిగింది. వెనకబడ్డారని ముద్ర పడ్డ పిల్లలు కూడా నోరు విప్పారు.

నన్ను బాగా కదిలించింది ఇంకో విషయం. చదువులో ముందున్నారని టీచర్ అనుకునే పిల్లల కోసం ఎక్కువసేపు, వెనకబడ్డారనుకునే పిల్లల కోసం తక్కువసేపు ఆగుతున్నారని కూడా ఆమె గమనించారు. అంటే ఎక్కువ సమయం ఎవరికి కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతోంది. ఇందులో ఏ టీచర్‌కీ చెడ్డ ఉద్దేశం లేదు. "పాపం, ఈ అమ్మాయికి రాదు, ఇబ్బంది పెట్టడం ఎందుకు" అన్న జాలితోనే చాలాసార్లు అలా జరుగుతుంది. కానీ ఆ అమ్మాయికి చేరే మాట మాత్రం "నీకు రాదు" అన్నదే.

ఇప్పుడు సాధన. ముందు ప్రశ్న అడగండి, ఆగండి, ఆ తర్వాతే పేరు పిలవండి. పేరు ముందే పిలిస్తే మిగతా క్లాసంతా ఊపిరి పీల్చుకుని ఆలోచించడం మానేస్తుంది. ఆగినప్పుడు మనసులో మెల్లగా మూడు లెక్కపెట్టండి. ఆ మౌనంలో ప్రశ్నను తిప్పి అడగొద్దు, హింట్ ఇవ్వొద్దు. మాటలు మారిస్తే పిల్లలు మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి. "అందరూ ఆలోచించుకోండి, చేతులు ఇప్పుడే ఎత్తొద్దు" అని ముందే చెబితే గబగబా చేతులెత్తే ముందు బెంచీ పిల్లల వల్ల మిగతావాళ్లకు టెన్షన్ ఉండదు. జవాబు వచ్చాక కూడా ఇంకో మూడు సెకన్లు ఆగండి. వెంటనే "వెరీ గుడ్" అనేస్తే ఆలోచన అక్కడితో ముగుస్తుంది. ఆగితే అదే బిడ్డ "ఎందుకంటే..." అని పొడిగిస్తుంది, లేదా పక్కవాడు "కాదు టీచర్" అంటాడు. నా దృష్టిలో ఈ రెండో ఆగడమే విలువైనది, అలవాటు కావడం కూడా దీనికే కష్టం.

ఎక్కాలు ఒప్పజెప్పించేటప్పుడు ఇవేవీ అక్కర్లేదు. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నలకే ఇది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. భయంతో బిగుసుకుపోయిన పిల్లవాడిని నిలబెట్టి, క్లాసంతా చూస్తుండగా ఆగితే అది శిక్షే అవుతుంది. "ఇంకాసేపు ఆలోచించుకో, మళ్లీ నీ దగ్గరికే వస్తాను" అని కూర్చోబెట్టండి. తర్వాత తప్పకుండా వాడి దగ్గరికి వెళ్లండి. వెళ్లకపోతే అది వదిలేయడమే. అది వాడికి తెలిసిపోతుంది.

రెండో పని, తప్పు జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. 42లోంచి 17 తీసేయమంటే ఒక బాబు 35 అని రాశాడనుకోండి. "తప్పు, మళ్లీ చెయ్" అంటే మళ్లీ 35 అనే రాస్తాడు. ఎందుకంటే అది అజాగ్రత్త కాదు, వాడికి తోచిన పద్ధతి. "ఎలా చేశావో చెప్పు" అని అడిగి చూడండి.

"రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీశాను. నాలుగులోంచి ఒకటి తీశాను."

ఇందులో ఎంత ఆలోచన ఉందో చూడండి. రెండులోంచి ఏడు పోదని వాడు సరిగ్గానే పట్టుకున్నాడు. ఇబ్బంది వచ్చింది ఆ తర్వాతి అడుగులో. ఇప్పుడు అప్పు తెచ్చుకోవడం ఎలాగో బోర్డు మీద చేసి చూపించాలని చెయ్యి ఉబలాటపడుతుంది. ఆగండి. "35కి 17 కలిపి చూడు, 42 వస్తుందా?" అని మాత్రం అడగండి. 52 వస్తుంది. వాడి మొహంలో అనుమానం కనిపిస్తుంది. అప్పుడు పదేసి పుల్లలున్న కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి "ఇందులోంచి 17 నాకివ్వు" అనండి. రెండు పుల్లలిచ్చి ఆగిపోతాడు. కట్టల వైపు చూస్తాడు. "ఒక కట్ట విప్పొచ్చా?" అని అడుగుతాడు. మీరు చెప్పాలనుకున్న పాఠం వాడి నోటే వచ్చింది. చివరికి వాడి దగ్గర రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి.

ఆ ప్రశ్న వాడు అడగకపోతే? అప్పుడు సాయం ఒక మెట్టు పెంచండి: "కట్టలో ఏమున్నాయి?" అనండి. అప్పటికీ తోచకపోతే మీరే ఒక కట్ట విప్పి, మిగతాది వాడికి వదలండి. తర్వాతి లెక్కలో ఒక మెట్టు తగ్గండి. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే మనస్తత్వ పరిశోధకులు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టే చిన్నపిల్లల్ని గమనించి ఇలాంటి సాయం గురించే రాశారు. పిల్లలు ఒంటరిగా చేయలేని పనిని పెద్దల ఆసరాతో చేస్తారు, చేతనైన కొద్దీ ఆ ఆసరాను తీసేస్తూ రావాలి. సాయం అస్సలు చేయకపోవడమూ, పని మొత్తం మనమే చేసిపెట్టడమూ రెండూ బిడ్డ మీద నమ్మకం లేకపోవడమే అంటాను నేను. ఈ రెండోదాన్ని మనం మంచితనం అనుకుంటాం, అందుకే దాని మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి.

క్లాసు నిండా పిల్లలుంటే ఇదంతా కుదురుతుందా, సిలబస్ ఎప్పుడవుతుంది అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పీరియడ్‌లో ప్రతి ప్రశ్నకూ ఇలా చేయలేం. అడిగే ప్రశ్నల సంఖ్య తగ్గించి, రెండు మూడు మంచి ప్రశ్నల దగ్గర ఆగండి. పుల్లల పని ఒక్కడితో చేసినా, అదే తప్పు చేసే ఇంకో నలుగురిని పక్కన కూర్చోబెట్టుకోండి. రిజిస్టర్‌లో పూర్తయిన పాఠం పిల్లల్లో పూర్తి కాకపోతే, పై క్లాసులో ఇంకో టీచర్ దాన్ని మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

వచ్చే పాఠానికి పని:

బడిలో అనుమతి తీసుకుని, ఒక పీరియడ్‌లో పది నిమిషాలు మీ ఫోన్‌లో ఆడియో రికార్డు చేసుకోండి. మీరొక్కరే విని తుడిచేయండి. దానికి ముందు, ఈరోజు ఎవరు బాగా జవాబు చెబుతారని మీకనిపిస్తుందో ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి మడిచి పెట్టండి. వింటూ, ఎవరిని అడిగారు, ఎన్ని సెకన్లు ఆగారు, తప్పు వస్తే తర్వాత మీ నోటినుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి అన్నవి రాసుకోండి. ఇప్పుడు మడిచిన కాగితం విప్పి పోల్చి చూడండి.

తర్వాత మీ నమ్మకాన్ని "కాబట్టి" చేర్చి తిరగరాయండి. నాది ఇలా ఉంది: "ప్రతి బిడ్డా నేర్చుకోగలదని నమ్ముతున్నాను, కాబట్టి నేను అడిగిన ప్రశ్నకు జవాబు నేనే చెప్పేయను, మళ్లీ వస్తానన్న బిడ్డ దగ్గరికి ఆ పీరియడ్‌లోనే వెళ్తాను." మీ వాక్యంలో "కాబట్టి" తర్వాత వచ్చేది వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు చూసి అవును, కాదు అని చెప్పగలిగే పనై ఉండాలి. "ప్రోత్సహిస్తాను", "అర్థం చేసుకుంటాను" లాంటి మాటలు వస్తే కొట్టేసి మళ్లీ రాయండి.

నాలుగో పాఠంలో నోట్సులు దిద్దడం గురించి చూద్దాం. మీరు ఇటీవల దిద్దిన నోట్‌బుక్ ఒకటి దగ్గర ఉంచుకోండి.