పాత కారు సామాను ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ‘సూపర్ కండిషన్’ అంటే నమ్మొచ్చో లేదో ఇలా తేల్చుకోండి

రావులపాలెంలోనో తణుకులోనో మెకానిక్ బానెట్ ఎత్తి “ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే సామాను) పోయిందండి, కొత్తదైతే ఖర్చు బాగా అవుద్ది, పాతది చూసుకోండి” అంటే ఒకప్పుడు దారి ఒక్కటే, విజయవాడ ఆటోనగర్ వెళ్లడం. అక్కడ సామాను చేత్తో తిప్పి, కాలిన వాసనేమైనా వస్తోందేమో చూసి, బేరమాడి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఢిల్లీలోని పాత సామాను మార్కెట్ మాయాపురి సరుకు కూడా ఫోన్‌లో కనిపిస్తోంది. చేతికి మాత్రం అందదు. మనకు దొరికేది అమ్మేవాడు రాసిన రెండు లైన్లు, నాలుగు ఫొటోలు.

1. కండిషన్ కంటే ముందు పార్ట్ నంబరు

‘స్విఫ్ట్‌కి సరిపోద్ది’ అని రాస్తే చాలదు. ఏ సంవత్సరం స్విఫ్ట్? పెట్రోలా, డీజిలా? మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసింది గానీ, అంతకుముందు అదే బండి రెండు రకాల ఇంజిన్లతో వచ్చేది. మీ బండిలోంచి తీసిన సామాను మీద ఉన్న స్టిక్కర్‌నో, పోతపోసిన అంకెలనో ఫొటో తీసుకోండి. అమ్మేవాడిని కూడా అదే చోట ఫొటో తీసి పంపమనండి. స్టిక్కర్ చెరిగిపోయిందని, నంబరు ఎందుకని సాగదీస్తే ఆ బేరం వదిలేయండి.

2. ప్రతి మాటకూ ఒకటే ప్రశ్న: ఆయనకెలా తెలిసింది?

ఒక ప్రకటన ఇలా ఉందనుకుందాం: “ఆల్టర్నేటర్, ఒరిజినల్, ఫుల్ వర్కింగ్, రన్నింగ్ బండిలోది, రీకండిషన్ చేసింది.” చదవడానికి బాగానే ఉంది. ఒక్కో ముక్క పట్టుకుని అడగండి.

‘రన్నింగ్ బండిలోది’ అన్నాడు. తీసేటప్పుడు ఆయన ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాడా, లేక యాక్సిడెంట్ బండి యార్డుకి వచ్చింది కాబట్టి అంతకుముందు నడిచే ఉంటుందని అనుకున్నాడా? రెండోదే ఎక్కువగా ఉంటుంది. అందులో మోసం ఉండాలనేం లేదు, ఆయనకూ తెలియదు అంతే. “మీరు తిప్పి చూశారాండి?” అని నేరుగా అడగండి. “ఆయ్, బెంచి మీద చూశామండి” (అంటే బండికి బిగించకుండా విడిగా తిప్పి చూశామని) అంటే వీడియో ఉంటుంది. “గ్యారంటీ అన్నయ్యా, పెట్టేసుకో” అన్నాడంటే చూడలేదనే లెక్క.

‘రీకండిషన్’ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఏం మార్చారు? బేరింగులా, బ్రష్షులా, రెగ్యులేటరా? చేసినవాడు గడగడా చెప్పేస్తాడు. చేయనివాడు “అంతా సర్వీస్ చేశాం” అంటాడు. వెండిరంగు స్ప్రే కొట్టి మెరిసిపోతున్న పాత సామాను కంటే, దుమ్ము పట్టి ఉన్నదే నాకు నయమనిపిస్తుంది. దుమ్ము కింద పగులు ఉంటే కనిపిస్తుంది, రంగు కింద కనిపించదు.

ఒడిశా ఇలసను పులసని అంటగట్టే చోట చేప కొనేవాళ్లం. మొప్ప ఎత్తి చూపించమనడానికి మొహమాటం దేనికి?

3. ఏ సామానుకి ఎక్కడ చూడాలి

హెడ్‌లైటు ఫొటో ఎప్పుడూ ముందు నుంచే పెడతారు. మీరు వెనక వైపు అడగండి. బిగించే చెవులు విరిగితే ఎమ్‌సీల్ పెట్టి అతికిస్తారు, ‘చిన్న క్లిప్ పని’ అని రాస్తారు. అది గతుకుల్లో నిలవదు. లోపల ఆవిరి పట్టిన మరక ఉందేమో చూడండి. పాలిష్ చేసిన లెన్స్ కొత్తదానిలా ఉంటుంది, కానీ పాలిష్‌తోపాటు ఎండను ఆపే పూత కూడా పోతుంది కాబట్టి తొందరగా పసుపెక్కుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన హెడ్‌లైట్లు అసలొద్దు. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, ఆ వెలుగు మన దగ్గర ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతుంది.

ఏసీ కంప్రెసర్ అయితే పైపులు తగిలించే రంధ్రాలకు బిరడాలు ఉన్నాయా అన్నదే మొదటి ప్రశ్న. తెరిచి వదిలేస్తే లోపలి ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డోర్లకు అడుగు అంచు ఫొటో, అయస్కాంతం పెట్టి జరిపే చిన్న వీడియో అడగండి. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు.

4. నీళ్లలో మునిగిందా?

మన ప్రాంతంలో ఇది తప్పనిసరి. 2022 జులైలో గోదావరి వరదకి కోనసీమ లంకలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు కార్లు నీళ్లలో నానాయి. అలాంటి బండ్ల సామాను ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తుంది. ప్రకటనలో మాత్రం వరద మాటుండదు.

ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), స్టార్టర్, ఆల్టర్నేటర్, సెన్సార్లు ఏవైనా సరే, వైరు సాకెట్ లోపలి పిన్నుల ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. రాగి మీద పచ్చటి చిలుము, మూలల్లో ఎండిన సన్నటి ఒండ్రు ఉంటే దండం పెట్టేయండి. అంతర్వేది, ఉప్పాడ వైపు తిరిగిన బండ్లకు ఉప్పుగాలి తుప్పు వేరుగా ఉంటుంది. బోల్టు రంధ్రాల చుట్టూ, వెల్డింగ్ గీతల వెంట పొంగినట్టు కనిపిస్తుంది.

5. ఫొటో ఆయనదేనా?

ఇవాళ్టి తేదీ, మీ పేరు కాగితం మీద రాసి, సామాను పక్కన పెట్టి ఫొటో తీయమనండి. ఇది ఒక్క నిమిషం పని.

6. ఎంత బాగున్నా కొనకూడనివి

ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టులు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు గొట్టాలు, టైమింగ్ బెల్టు. వీటి కండిషన్ ఫొటోలో తెలిసేది కాదు. పాత టైరు కొనక తప్పకపోతే పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

7. డబ్బు పంపే ముందు

ఫోన్‌లో చెప్పినవన్నీ మళ్లీ చాటింగ్‌లో రాయించుకోండి: “బెంచి మీద చూశాం, వరద బండి కాదు, పని చేయకపోతే ఇన్ని రోజుల్లో వాపసు.” 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, షాపింగ్ సైట్లలో వ్యాపారం చేసే అమ్మకందారు వర్ణనకు సరిపోని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. సొంత బండి సామాను అమ్ముకునే మామూలు మనిషికి ఆ నిబంధనలు వర్తించవు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లి, చూసి, చేతికిచ్చాకే డబ్బివ్వండి. అడ్వాన్సు పేరుతో మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆల్టర్నేటర్ అయితే, బిగించాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర మీటరు పెట్టించండి. మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. వాపసు గడువు దాటేదాకా మీ పాత ఆల్టర్నేటర్‌ను తుక్కు కింద వేయకండి. పుల్లీయో రెగ్యులేటరో అందులోంచి తీసి, కొన్నదానికి బిగించాల్సి రావచ్చు.